డ్రిల్లు కొనే ముందు మీ గోడని ఒకసారి తట్టి చూడండి

మీరు అడిగింది ఇదీ: గుంటూరు లక్ష్మీపురంలో కొత్త ఫ్లాట్‌లో దిగారు. కిటికీలకి కర్టెన్ రాడ్లు బిగించాలి, వంటింట్లో టైల్స్ మీద షెల్ఫు పెట్టాలి, చెప్పుల స్టాండు, బాబు చదువుకోవడానికి ఒక బల్ల ప్లైవుడ్‌తో సొంతంగా చేసుకోవాలని సరదా. బడ్జెట్ పదివేలు. వైరు డ్రిల్లు తీసుకోవాలా, కార్డ్‌లెస్సా? నూరు ముక్కల కిట్టు కొనచ్చా? నాలుగంగుళాల గ్రైండర్‌కి చెక్క బ్లేడు వేసి ప్లై కోసుకోవచ్చా? పైగా సింగ్ నగర్‌లో మీ బాబాయి గారి డ్రిల్లు బుడమేరు వరదలో మునిగి అటకెక్కింది, అది ఇంకా పనికొస్తుందా?

నాకు విజయవాడ ఆటోనగర్‌లో రిపేరు షాపు. డ్రిల్లులు, కట్టర్లు, గ్రైండర్లు, వాటి వైండింగు, అంటే మోటారులోని రాగి తీగ చుట్లు. ఇరవై ఏడేళ్ళుగా ఇదే తిండి. అమ్మేవాళ్ళు మెషిన్‌ని మెరుస్తున్నప్పుడు చూస్తారు, నేను కాలిన వాసన వస్తున్నప్పుడు చూస్తాను. కాబట్టి నా సలహా కొంచెం వేరేగా ఉంటుంది. పని చేసేది బిట్టు, బ్లేడు. మెషిన్ వాటిని తిప్పుతుంది, అంతే. నా దగ్గరికొచ్చే కాలిన ఆర్మేచర్లలో, అంటే మోటారులో తిరిగే భాగాల్లో, చాలావాటిని చంపింది మొండి బిట్టే. బిట్టు అరిగిపోతుంది, కన్నం దిగదు, మనిషి ఒళ్ళంతా ఆనించి నొక్కుతాడు, మోటారు స్పీడు పడిపోతుంది, దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా అదే షాఫ్టు మీద ఉంటుంది కాబట్టి గాలి తగ్గిపోతుంది, వైండింగు వేడెక్కి వార్నిష్ కాలుతుంది. ఇంత కథకీ మూలం ఓ వంద రూపాయల బిట్టు. షాపుకొచ్చి మాత్రం "కంపెనీ మెషినేనండీ, రెండేళ్ళు కూడా రాలేదు" అంటారు.

ముందు గోడ సంగతి. మీ ఫ్లాట్ గోడలు దేనితో కట్టారో బిల్డర్‌ని అడగండి. మన వైపు పాత ఇళ్ళన్నీ ఎర్ర ఇటుక. కొత్త అపార్ట్‌మెంట్లలో ఫ్లై యాష్ ఇటుక ఎక్కువ. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పక్కనే ఉంది, బూడిదకి కొదవేముంది. కొన్నిటిలో తెల్లటి తేలిక బ్లాకులు వాడుతున్నారు, ఏఏసీ అంటారు. ఎవరూ చెప్పకపోతే ఎక్కడైనా కనపడని మూల ఓ చిన్న కన్నం వేసి రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగులో మెత్తగా వస్తే ఫ్లై యాష్. పిండిలా తెల్లగా, చేత్తో నొక్కకుండానే బిట్టు దిగిపోతుంటే ఏఏసీ. బూడిద రంగు పొడి చిటికెడు చిటికెడుగా వచ్చి బిట్టు మొరాయిస్తే అది కాంక్రీటు, అంటే మీరు పిల్లరులోనో, బీములోనో, లింటెల్‌లోనో ఉన్నారు.

కర్టెన్ రాడ్డు సంగతి ఇక్కడే తేలుతుంది. అందరూ దాన్ని తేలికపని అనుకుంటారు. నిజానికి ఇంట్లో వేసే కన్నాలన్నిటిలో కష్టమైంది అదే. కిటికీ నెత్తి మీద ఉండేది లింటెల్, అంటే ఇనుప చువ్వలేసిన కాంక్రీటు. బ్రాకెట్టు సరిగ్గా అక్కడికే వస్తుంది. హాల్లో ఫొటో ఫ్రేముకి వెన్నలో దిగినట్టు దిగిన డ్రిల్లు ఇక్కడ అంగుళంలో సగం కూడా దిగదు. స్టూలు మీద నిలబడి, చేతులు పైకెత్తి, పది నిమిషాలు నొక్కుతారు. మర్నాడు ఆ మెషిన్ నా బల్ల మీద ఉంటుంది.

ఇప్పుడు మెషిన్ల తేడా చెప్తాను. షాపులో "హ్యామర్ డ్రిల్" అని ఇచ్చేది మామూలుగా ఇంపాక్ట్ డ్రిల్. లోపల పళ్ళున్న రెండు ఉక్కు చక్రాలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ టకటక కొట్టుకుంటాయి. నిమిషానికి నలభై వేలకు పైగా దెబ్బలు వేస్తుంది, కానీ ఒక్కో దెబ్బలో పస ఉండదు. పైగా మీరు నొక్కితేనే ఆ పళ్ళు కలుస్తాయి. ఇటుకకి ఇది చాలు. రోటరీ హ్యామర్ వేరే జాతి. దాంట్లో పిస్టను గాలిని నొక్కి సుత్తిని విసురుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కొక్కదాని బలం రెండు జౌళ్ళో (దెబ్బ శక్తికి కొలత) అంతకన్నా ఎక్కువో ఉంటుంది. మీరు ఊరికే పట్టుకుంటే చాలు, అదే తవ్వుకుంటూ పోతుంది. దీని బిట్టు వెనక గాడి ఉంటుంది, తాళం లేకుండా క్లిక్‌మని ఎక్కుతుంది. ఆ పద్ధతి పేరు ఎస్‌డీఎస్, 1975లో బాష్ కంపెనీ తెచ్చింది. ఇంపాక్ట్ డ్రిల్లుతో పావుగంట పట్టే లింటెల్ కన్నం దీంతో అర నిమిషం.

అయితే ఇదే కొనమంటారా అని అడుగుతారు. వద్దంటాను. చెక్క పనికి ఇది బరువు, మొరటు. దాని నోట్లో సన్న బిట్టు పట్టాలంటే వేరే చక్ (బిట్టుని పట్టుకునే మూతి) అడాప్టరు కావాలి, అది పెట్టినా కొంచెం వంకర తిరుగుతుంది. మీకు కాంక్రీటులో వేయాల్సినవి మహా అయితే పాతిక కన్నాలు. అన్నీ ముందే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని, రోటరీ హ్యామర్ ఒక పూట అద్దెకు తెచ్చుకుని, ఆ పూటలో ముగించేయండి. లేదా మీ ఎలక్ట్రీషియన్‌ని ఓ గంట పిలవండి. కొనడానికి మాత్రం 13 మిల్లీమీటర్ల చక్ ఉన్న, ఐదారువందల వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు తీసుకోండి. మూడు వేలకి కాస్త అటూ ఇటూగా మంచిది వస్తుంది. మూడు విషయాలు చూసుకోండి: ట్రిగ్గరు నొక్కే కొద్దీ స్పీడు పెరగాలి, రివర్స్ ఉండాలి, హ్యామర్‌ని, అంటే ఆ టకటక దెబ్బని, ఆపేసే మీట ఉండాలి. కొన్ని చౌకరకాల్లో ట్రిగ్గరు నొక్కగానే ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుంటుంది. దాంతో టైలు మీద, చెక్క మీద పని చేయలేరు. బాష్‌లో నీలం రంగువి మేస్త్రీల కోసం, ఆకుపచ్చవి ఇంటివాళ్ళ కోసం అని కంపెనీయే విడదీసింది. ఇంట్లో నెలకోసారి వాడేవాళ్ళకి ఏ రంగైనా ఒకటే, కానీ స్పేర్లు ఊళ్ళో సులువుగా దొరికేది తీసుకోండి. నా వరకు అదొక్కటే అసలు పరీక్ష. స్విచ్చి, కార్బన్లు (తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు), ఆర్మేచర్ మూడూ గుంటూరులోనే దొరుకుతాయా అని షాపువాణ్ణి మొహమాటం లేకుండా అడగండి. బిల్లు తీసుకోండి.

వాట్ల పిచ్చి వద్దు. 800 వాట్లు 500 కన్నా గొప్ప అని కాదు. ఇంపాక్ట్ పద్ధతి అదే ఉన్నంతకాలం, కాంక్రీటు దగ్గర రెండూ ఒకేలా ఏడుస్తాయి.

ఇక నూరు ముక్కల కిట్టు. దాని డబ్బాని బరువు చూసి కొంటారు జనం. అందులో సాకెట్లు, చిన్న సుత్తి, టేపు, ప్లాస్టిక్ డబ్బీలో మేకులు, పది రకాల బిట్లు ఉంటాయి. మీ పనికి కావలసిన 6, 8 మిల్లీమీటర్ల గోడ బిట్లు ఒక్కొక్కటే ఉంటాయి, అవి కూడా నాసి. నాలుగు కన్నాలకే మొన నల్లబడుతుంది. ఆ డబ్బుతో విడిగా కొనండి: గోడకి 6, 8 సైజుల్లో కార్బైడ్ మొన ఉన్నవి రెండేసి, చెక్కకి మధ్యలో సూది మొన ఉండే బిట్లు 3 నుంచి 10 దాకా ఒక సెట్టు, ఇనుముకి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు 3, 4, 5. టైలుకి బాణపు మొనలా ఉండే బిట్టు 6లో ఒకటి. అంతే. ఇనప షాపుల్లో ఇంకా సూతుల్లో మాట్లాడేవాళ్ళున్నారు, అంగుళంలో ఎనిమిదో వంతు సూతు. రెండు సూతులు అంటే ఆరు మిల్లీమీటర్లకి కాస్త పైన. గోడకి ప్లగ్గు (స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) 6 ఎంఎంది కొని, రెండు సూతుల బిట్టుతో కన్నం వేసి, ప్లగ్గు వదులుగా తిరుగుతోందని అగ్గిపుల్లలు కూరేవాళ్ళని బోలెడుమందిని చూశాను. రెండూ మిల్లీమీటర్లలోనే కొనండి.

గోడ కన్నం వేసే తీరు ఒకసారి దగ్గరగా చెప్తాను. ప్లగ్గుని బిట్టు పక్కన పెట్టి, దాని పొడవుకన్నా సగం అంగుళం ఎక్కువ దగ్గర బిట్టుకి ఇన్సులేషన్ టేపు చుట్టండి. టేపు గోడని తాకగానే ఆపాలి. గుర్తు దగ్గర హ్యామర్ ఆపేసి, నెమ్మదిగా తిప్పుతూ చిన్న గుంట పడనివ్వండి. గుంట పడ్డాక హ్యామర్ మీట వేయండి. పక్క హ్యాండిలు తప్పకుండా బిగించి రెండు చేతులా పట్టుకోండి; బిట్టు ఎక్కడైనా పట్టేస్తే మెషిన్ తిరుగుతుంది, ఒంటి చేత్తో ఉంటే మణికట్టు తిప్పేస్తుంది. పది సెకన్లకోసారి బిట్టుని తిరుగుతుండగానే బయటికి లాగి పొడి రాల్చండి. పొడి లోపలే ఉండిపోతే బిట్టు దాన్నే రుబ్బుతూ వేడెక్కుతుంది. కన్నం కింద గోడకి ఒక కాగితాన్ని సగానికి మడిచి టేపుతో అంటిస్తే పొడంతా దాంట్లో పడుతుంది, ఇంట్లో ఆడవాళ్ళతో గొడవ ఉండదు. పొడి మూతి దగ్గరికి ఎలాగూ వస్తుంది, మాస్కు పెట్టుకోండి. తల పైన కన్నం వేస్తుంటే కళ్ళజోడు లేకుండా మాత్రం వద్దు.

కాంక్రీటులో బిట్టు ఒక్కసారిగా ఆగి, శబ్దం మారి, కీచుమంటే చువ్వ తగిలింది. అక్కడ పంతం పనికిరాదు. కార్బైడ్ ముక్క ఎగిరిపోతుంది తప్ప చువ్వ తెగదు, తెగినా మీకు మంచిది కాదు. అంగుళం పక్కకి జరగండి.

ఏఏసీ బ్లాకులో హ్యామర్ అసలు వేయకండి, కన్నం గరాటులా వెడల్పయిపోతుంది. ఊరికే తిప్పితే చాలు. ఆ గోడకి మామూలు ప్లగ్గు పట్టదు, తేలిక బ్లాకుకి ప్రత్యేకం మరలాంటి ప్లగ్గులు వస్తాయి, అవి అడగండి. గీజరు లాంటి బరువులు దాని మీద పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

వంటింటి టైలు మీద గుర్తు దగ్గర మాస్కింగ్ టేపు అంటించి, టేపు మీద పెన్సిల్‌తో ప్లస్ గీయండి. బిట్టు జారదు. హ్యామర్ ఆఫ్, స్పీడు తక్కువ, బాణపు మొన బిట్టు, మధ్యమధ్య రెండు చుక్కల నీళ్ళు. టైలు దాటి ఇటుక తగలగానే గోడ బిట్టు మార్చి అప్పుడు హ్యామర్ వేయండి. గోడకి గట్టి విట్రిఫైడ్ టైలు వేసి ఉంటే బాణపు మొన దిగదు, డైమండ్ బిట్టు కావాలి. టైలు అంచుకి మరీ దగ్గరగా వేస్తే పగులు ఖాయం.

అన్నట్టు, స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా కన్నం వేయకండి. గోడలో వైర్ల పైపు నిలువుగా అక్కడే వెళ్తుంది. కుళాయి పైన కూడా అంతే. బాత్‌రూమ్ గోడకి అవతలి వైపు పడగ్గదిలో ఫొటో పెట్టబోయి నీళ్ళ పైపు పొడిచిన పెద్దమనిషి ఒకరు మా వీధిలోనే ఉన్నారు.

కార్డ్‌లెస్ గురించి. చెక్క పనికి, స్క్రూలు బిగించడానికి దాన్ని మించింది లేదు. 12 వోల్టుల చిన్నది చేతిలో పిట్టలా ఉంటుంది, బల్ల బిగించేటప్పుడు ఆ సుఖం వేరు. కానీ మొదటి మెషిన్‌గా గోడ పని కోసం మాత్రం వద్దు. మీ పదివేలలో మంచి వైరు డ్రిల్లూ, మంచి కార్డ్‌లెస్సూ, కోత మెషిన్ మూడూ పట్టవు. వచ్చే దసరాకి కార్డ్‌లెస్ కొనుక్కోండి. అప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఆన్‌లైన్‌లోనూ ఫుట్‌పాత్‌ల మీదా 48వీఎఫ్, 98వీఎఫ్ అని పెద్ద అక్షరాలతో అమ్మేవి వోల్టులు కావు. అది వాళ్ళు పెట్టుకున్న పేరు. విప్పితే లోపల ఐదు సెల్లులు, అంటే 18 వోల్టులే ఉంటాయి. పేరున్న కంపెనీల్లో కూడా 18 వోల్టులు, 20 వోల్ట్ మ్యాక్స్ అనేవి రెండూ ఒకటే; అవే ఐదు సెల్లులు, ఒకరు మామూలు వోల్టేజీ రాస్తారు, ఇంకొకరు ఫుల్ చార్జింగ్‌లో ఉన్నది రాస్తారు. ఏది కొన్నా మన మే నెల ఎండలకి బ్యాటరీని బండి డిక్కీలో వదిలేయకండి. బాగా వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జింగ్ పెట్టకండి, ఫ్యాను కింద ఓ అరగంట ఉంచి పెట్టండి. లిథియం సెల్లులకి బెజవాడ ఎండ అసలు పడదు.

ఇక మీరు గ్రైండర్‌కి చెక్క బ్లేడు గురించి అడిగారు. దీనికి జవాబు నా ఎడమ ముంజేతి మీద ఉంది. పాతికేళ్ళ వయసులో, తలుపు రిపేరు చేస్తూ, గార్డు తీసేసి నాలుగంగుళాల గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు వేసి 19 ఎంఎం ప్లై కోస్తున్నాను. కోత చివరికి వచ్చేసరికి ముక్క బరువుకి కిందికి వంగి, గాడి మూసుకుని బ్లేడుని పట్టేసింది. తర్వాత ఏమైందో చూడలేదు. మెషిన్ నా వైపు ఎగిరిందని చెప్పడానికి సాక్ష్యం ఏడు కుట్లు. గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. కింద ఆనించుకోవడానికి పళ్ళెం లేదు, లోతు కట్టడి లేదు, బ్లేడు మీద మూత సగమే. ఇనుము కోసే బిళ్ళ పట్టేసినా ప్రమాదమే, విరగచ్చు, మెషిన్ ఎగరచ్చు. పళ్ళ బ్లేడు పట్టేస్తే చెక్కని ఎక్కి మీ మీదికి నడిచి వస్తుంది. ఊళ్ళో వడ్రంగి మేస్త్రీలు వాడుతున్నారు కదా అంటారు. వాడుతున్నారు. వాళ్ళలో ఎంతమంది వేళ్ళు పూర్తిగా ఉన్నాయో టీ కొట్టు దగ్గర ఒకసారి చూడండి.

మార్బుల్ కట్టరుకి 110 ఎంఎం చెక్క బ్లేడు వేసి కోయడం దానికన్నా నయం, ఎందుకంటే దానికి పళ్ళెం, లోతు మర ఉన్నాయి. కానీ అది పదమూడు వేల చుట్లు తిరిగే మెషిన్, రాయి కోసం పుట్టింది. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ చుట్ల సంఖ్య మెషిన్ చుట్లకన్నా తక్కువ ఉంటే ఆ బ్లేడు దానికి పనికిరాదు. ప్లైకి సరైనది ఏడంగుళాల సర్క్యులర్ సా, అంటే చేత్తో పట్టే గుండ్రటి రంపం మెషిన్, ఐదు వేల చుట్ల చుట్టూ తిరుగుతుంది, కింద మూత దానంతటదే మూసుకుంటుంది.

మీరు అది కూడా కొనక్కర్లేదు. బాబు బల్లకి ఒక షీటు సరిపోతుంది, ఎనిమిది బై నాలుగు. కాగితం మీద కొలతలన్నీ గీసుకుని, కోత మందం ఒక్కో గీతకి మూడు మిల్లీమీటర్లు వదిలి, తెలిసిన వడ్రంగి షెడ్డులో టేబుల్ రంపం మీద కోయించుకోండి. అడితి పక్కనే ఉన్న సామిల్లులో కూడా కోసిపెడతారు. నూలు పట్టినట్టు తిన్నగా వస్తాయి. మీరు ఇంట్లో నేల మీద కూర్చుని కోస్తే అలా రావు. ఇంట్లో మూలలు గుండ్రం చేయడానికి, కంప్యూటర్ వైరుకి గాడి తీయడానికి ఒక జిగ్‌సా, అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం మెషిన్, కొనుక్కోండి. అది భయపెట్టని మెషిన్. దాని బ్లేడు పైకి లాగేటప్పుడు కోస్తుంది, అందుకని పై మొహం పొరలు లేస్తాయి. మంచి మొహం కిందికి పెట్టి, గీత మీద మాస్కింగ్ టేపు అంటించి కోయండి. పొరపాటున కూడా లుంగీ కట్టుకుని కూర్చుని వాడకండి. భుజాన తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు, చేతి గ్లవ్వులు కూడా తిరిగే బిట్టు దగ్గర ప్రమాదమే. గ్లవ్వు రక్షణ అనుకుంటారు, బిట్టు దాన్ని చుట్టుకుని వేలుని లాగుతుంది.

ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అంటే మామూలు రకం, ఐఎస్ 710 అంటే మెరైన్. చదువు బల్లకి 303 చాలు. చెప్పుల స్టాండు గుమ్మం బయట వానజల్లు తగిలే చోట ఉంటే 710 తీసుకోండి.

చెక్కలో కన్నం గోడలో కన్నంలా కాదు. హ్యామర్ ఆఫ్. ఇది చాలామంది మర్చిపోతారు, టేకు పలక చిట్లిపోయాక గుర్తొస్తుంది. కింద పనికిరాని చెక్క ముక్క పెట్టి రెండిటినీ క్లాంపుతో కలిపి బిగించండి. బిట్టు అవతలి వైపు వచ్చేటప్పుడు పేడు లేవదు. క్లాంపులు నాలుగైనా కొనండి. ఇంట్లో మూడో చెయ్యి అదే. స్క్రూ వేసే ముందు సన్న కన్నం వేయండి: 4 ఎంఎం స్క్రూకి ప్లైలో రెండున్నర, టేకులోనో తుమ్మలోనో అయితే 3. టేకులో స్క్రూ బిగుసుకుంటే మర మీద కొంచెం సబ్బు రాయండి, మా నాన్నగారి కాలం చిట్కా, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. స్క్రూని సుత్తితో ముప్పాతిక దాకా కొట్టి చివర రెండు చుట్లు తిప్పే అలవాటు మన మేస్త్రీలకి ఉంది. మర పట్టాల్సిన నారనంతా అది చింపేస్తుంది. ఆర్నెల్లకి బల్ల ఊగుతుంది. ప్లై అంచులోకి స్క్రూ వేస్తుంటే పొరలు విడిపోకుండా అంచుకి రెండు వైపులా క్లాంపు బిగించి వేయండి, ముందు ఫెవికాల్ రాయండి. ఆరబెట్టాల్సిన టైము డబ్బా మీద ఉంటుంది, తొందరపడకండి.

పెద్ద కన్నాలకి స్పీడు తగ్గించాలి. కబ్బోర్డు తలుపుల ఆటో హింజికి 35 ఎంఎం గుండ్రటి గుంట కావాలి, దానికి ఫార్‌స్ట్‌నర్ బిట్టు. ఫుల్ స్పీడులో వేస్తే పొగ వస్తుంది, చెక్క నల్లబడుతుంది, బిట్టు పదును పోతుంది. నెమ్మదిగా తిప్పితే కొబ్బరి తురుములా చక్కగా రాలుతుంది. రాలేది తురుములా ఉంటే బిట్టు కోస్తోంది, పిండిలా ఉంటే రుద్దుతోంది. ఈ ఒక్క తేడా చూడడం వస్తే చాలు, బిట్టు ఎప్పుడు మార్చాలో ఎవరినీ అడగక్కర్లేదు. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. తెల్ల పొణికి చెక్క ఎంత మెత్తనిదైనా ఉలి పదును చూసుకోకుండా మొదలుపెట్టరు.

నునుపుకి శాండర్ ఇప్పుడే వద్దు. 80, 120, 180 నంబరు గరుకు కాగితాలు ఒక చెక్క దిమ్మకి చుట్టి చేత్తో రుద్దితే ఒక బల్లకి ఓ ఆదివారం పడుతుంది, అంతే. ప్లై పైపొర పల్చన కాబట్టి మెషిన్ పెడితే కొత్తవాళ్ళు దాన్ని తినేస్తారు కూడా.

మీరు నవ్వకపోతే ఒక ముచ్చట. పోయిన వేసవిలో ఒక కుర్రాడు కొత్త డ్రిల్లు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "సార్, మూడు బిట్లు మార్చాను, చెక్కలో కూడా దిగట్లేదు, పొగ వస్తోంది, మోటారు పోయింది." నేను బల్ల మీద పెట్టి చూస్తే ట్రిగ్గరు పైనున్న చిన్న మీట ఎడమకి ఉంది. రివర్స్. స్క్రూ ఊడదీసి అలాగే వదిలేశాడు. మీట కుడికి తోసి, వాడి బిట్టే పెట్టి, బల్ల అంచున ఒక కన్నం వేసి చూపించాను. డబ్బులేమీ తీసుకోలేదు, కానీ ఆ కన్నం మాత్రం ఇంకా నా బల్లకి ఉంది. నెలకి ఇద్దరైనా ఇలా వస్తారు. కాబట్టి బిట్టు దిగకపోతే మొదట చూడాల్సింది ఆ మీట. రెండోది, చక్ తాళం మూడు కన్నాల్లోనూ తిప్పి బిగించారా లేదా. ఒక్క కన్నంలోనే తిప్పితే బిట్టు జారి దాని వెనక భాగం గీతలు పడిపోతుంది, తర్వాత ఏ చక్కూ దాన్ని పట్టదు.

కరెంటు సంగతి ఒకటి. సెల్‌ఫోను చార్జర్లు పెట్టుకునే సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి డ్రిల్లు పెట్టకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఒకటి చేయించుకోండి. రీలుకి చుట్టి ఉండేదైతే మొత్తం విప్పి వాడండి, చుట్టినట్టే ఉంచితే లోపల వేడెక్కి కరిగిపోతుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసుకుని, దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. బరువు పని చేశాక మెషిన్‌ని వెంటనే ఆపేయకుండా ఓ అర నిమిషం ఖాళీగా ఫుల్ స్పీడులో తిప్పండి, ఫ్యాను గాలికి వైండింగు చల్లబడుతుంది. ఆ అర నిమిషం పాటిస్తే మీరు నా షాపుకి రారు.

ఇప్పుడు మీ బాబాయి గారి డ్రిల్లు. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగినప్పుడు నా దగ్గరికి మెషిన్లు గోనె సంచుల్లో వచ్చాయి. బురద నీళ్ళు తాగినవాటిలో, నీళ్ళు తీయగానే ప్లగ్గు పెట్టి "తిరుగుతుందేమో" అని చూసినవి చాలామటుకు పోయాయి. విప్పి కడిగి ఆరబెట్టినవి బతికాయి. మీ బాబాయి గారు ప్లగ్గు పెట్టి చూశారా లేదా ముందు కనుక్కోండి. పెట్టకపోతే ఆశ ఉంది. ఇప్పుడు కూడా పెట్టకండి. తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించి, ఎండిన బురదని మంచి నీళ్ళతో, బ్రష్‌తో కడిగించి, మూడు నాలుగు రోజులు ఆరబెట్టించి, మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి చూడమనండి. బేరింగులు ఇన్నాళ్ళు నీళ్ళ తుప్పులో ఉన్నాయి, రెండూ మార్చాల్సిందే. గ్రీజు కొత్తది వేయాలి. ఆర్మేచరూ ఫీల్డు కాయిలూ బాగుంటే ఖర్చు పెద్దగా రాదు, కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతుందంటే వదిలేయండి.

కార్బన్లు మాత్రం ఎలాగైనా కొత్తవి వేయించండి. పొడవు ఐదారు మిల్లీమీటర్లకి వస్తే స్ప్రింగు సరిగా నొక్కదు, నిప్పురవ్వలు ఎక్కువై కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల భాగం) కాలుతుంది. షాపుకి వెళ్ళేటప్పుడు మెషిన్ పేరు చెప్పడం కాదు, పాత కార్బన్ల జత జేబులో వేసుకెళ్ళండి. వాటి మీద నంబరు ఉంటుంది, చెరిగిపోయినా కొలత చూసి ఇస్తారు.